రక్తపోటు ఉన్న గర్భవతి: ప్రీఎక్లాంప్సియాను గుర్తించడమెలా?

'ఆమెకు బీపీ ముందునుంచీ ఉన్నదే కదా!' మన ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఇది. గర్భవతికి తలనొప్పి వచ్చినా, కాళ్లూ ముఖమూ ఉబ్బినా, యంత్రంలో అంకె కాస్త ఎక్కువగా కనిపించినా ఈ ఒక్క మాటతో కుటుంబమంతా ఊరడిల్లుతుంది. ఏళ్ల తరబడి మాత్రలు వాడుతున్న స్త్రీకి రక్తపోటు కొత్త వార్త కాదు. కనుక అది పెరిగినా ఎవరూ ఉలిక్కిపడరు. సరిగ్గా ఈ నిశ్చింత చాటునే ప్రీఎక్లాంప్సియా అనే మరో వ్యాధి చడీచప్పుడు లేకుండా ప్రవేశిస్తుంది. రక్తపోటు ఎన్నడూ లేని స్త్రీకి ఈ వ్యాధి వస్తే పెరిగిన అంకె వెంటనే పట్టిస్తుంది. ముందే రక్తపోటు ఉన్న స్త్రీ విషయంలో ఆ అంకె మనల్ని ఏమరుపాటుకు గురిచేస్తుంది. తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం కాగల ఈ పరిస్థితిని సకాలంలో ఎలా గుర్తించాలో, కుటుంబంగా మనం చేయవలసినదేమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రెండూ ఒకటి కాదు

గర్భం దాల్చక ముందునుంచే రక్తపోటు ఉన్నా, గర్భం 20 వారాలు నిండకముందే అది 140/90 లేదా అంతకు మించి నమోదైనా వైద్యులు దానిని దీర్ఘకాలిక రక్తపోటుగా పరిగణిస్తారు. 20 వారాల తర్వాత కొత్తగా రక్తపోటు పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోవడం గానీ, కాలేయం, మూత్రపిండాలు, రక్తకణాలు, మెదడు, ఊపిరితిత్తులలో ఏదైనా దెబ్బతింటున్న లక్షణాలు గానీ తోడైతే అది ప్రీఎక్లాంప్సియా. పాత రక్తపోటు ఉన్న స్త్రీకి ఈ వ్యాధి అదనంగా వచ్చి చేరితే, ఒక వ్యాధిమీద మరొక వ్యాధి పేరుకున్నట్లు లెక్క.

సాధారణంగా ప్రతి 100 గర్భాలలో ఇంచుమించు 3 నుంచి 8 గర్భాలలో ప్రీఎక్లాంప్సియా కనిపిస్తుంది. దీర్ఘకాలిక రక్తపోటు ఉన్న స్త్రీలలోనైతే ప్రతి నలుగురిలో ఒకరికైనా ఇది వస్తుంది. రక్తపోటుతో పాటు మధుమేహం, మూత్రపిండాల జబ్బు, స్థూలకాయం ఉన్నవారికి, కవలలను మోస్తున్నవారికి, గత కాన్పులో ఇదే వ్యాధి వచ్చినవారికి ముప్పు ఇంకా ఎక్కువ. నేడు వివాహాలు, కాన్పులు ఆలస్యమవుతున్నాయి. 30 ఏళ్లు దాటాక రక్తపోటు మాత్రలతోనే గర్భం దాల్చే స్త్రీలు మన బంధువర్గంలోనే కనిపిస్తున్నారు. కనుక ఇది ఎక్కడో దూరాన ఉన్నవారి సమస్య అనుకోవడానికి వీలు లేదు.

వ్యాధి ఎక్కడ మొదలవుతుంది?

ఈ వ్యాధి మూలం గుండెలోనో మెదడులోనో కాదు, మాయలో ఉంది. గర్భం తొలి నెలల్లో మాయ గర్భాశయపు గోడలోకి వేళ్లూనుకుంటుంది. అప్పుడు అక్కడి సన్నని రక్తనాళాలు వెడల్పై, బిడ్డకు సమృద్ధిగా రక్తం అందించే కాలువల్లా మారాలి. కొందరిలో ఈ మార్పు సరిగా జరగదు. నాళాలు ఇరుకుగానే ఉండిపోతాయి. రక్తం చాలని మాయ కొన్ని హానికర పదార్థాలను తల్లి రక్తంలోకి విడుదల చేస్తుంది. అవి శరీరమంతటా ఉన్న రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి.

ఈ ఒక్క సంగతి గ్రహిస్తే వ్యాధి లక్షణాలన్నీ అర్థమవుతాయి. మూత్రపిండాలలోని పొర దెబ్బతింటే ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతుంది. కాలేయం వాస్తే పొట్ట పైభాగంలో నొప్పి పుడుతుంది. మెదడు రక్తనాళాలు ప్రభావితమైతే తలనొప్పి, చూపు మసకబారడం, చివరకు మూర్ఛలు వస్తాయి. నాళాలనుంచి నీరు బయటికి ఊరితే ముఖం, చేతులు ఉబ్బుతాయి, ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం వస్తుంది. మాయకు రక్తం చాలక బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. అంటే పెరిగిన రక్తపోటు ఈ వ్యాధి ముఖాలలో ఒకటి మాత్రమే. అంకెను మాత్రలతో తగ్గించినంత మాత్రాన లోపల జరిగే నష్టం ఆగిపోదు.

మధ్య నెలల్లో మాయమయ్యే రక్తపోటు

గర్భం దాల్చిన తర్వాత స్త్రీ శరీరంలోని రక్తనాళాలు సహజంగానే సడలుతాయి. అందువల్ల 4, 5, 6 నెలల్లో రక్తపోటు తగ్గుతుంది. దీర్ఘకాలిక రక్తపోటు ఉన్న స్త్రీకి కూడా ఈ కాలంలో 120/80 రావచ్చు. నెలలు నిండేకొద్దీ అది మళ్లీ మెల్లమెల్లగా పాత స్థాయికి చేరుకుంటుంది.

ఈ సహజమైన హెచ్చుతగ్గుల వల్ల రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, మధ్య నెలల్లో అంకె బాగుందని 'బీపీ తగ్గిపోయింది' అనుకుని, వైద్యులను అడగకుండానే మాత్రలు మానివేయడం. రెండవది, మొదటి పరీక్షకు నాలుగో నెలో ఐదో నెలో వచ్చేసరికి ఆమెకు అసలు రక్తపోటు ఉన్న సంగతే నమోదు కాకపోవడం. తర్వాత 7వ నెలలో 146/94 కనిపిస్తే, అది పాత రక్తపోటు తిరిగి రావడమా, కొత్త వ్యాధి ఆరంభమా అని తేల్చుకోవడం వైద్యులకు కూడా కష్టమవుతుంది. అందుకే తొలి రెండు మూడు నెలల్లో నమోదైన అంకెకు ఎంతో విలువ ఉంది. తర్వాత వచ్చే ప్రతి అంకెనూ దానితోనే పోల్చి చూడాలి.

తొలి నెలల్లోనే పునాది

రక్తపోటు ఉన్న స్త్రీ గర్భం కోరుకుంటున్నప్పుడే వైద్యులను సంప్రదించడం ఉత్తమం. వీలు కాకపోతే నెల తప్పిన వెంటనే వెళ్లాలి. అప్పుడు జరగవలసిన పనులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది మందుల మార్పు. మన ప్రాంతంలో రక్తపోటుకు విరివిగా వాడే టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులు గర్భంలో పనికిరావు. అవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీటిని తగ్గిస్తాయి. వాటి స్థానంలో లాబెటలాల్, నిదానంగా పనిచేసే నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటివి వాడతారు. అయితే భయపడి మాత్రలన్నీ ఒక్కసారిగా ఆపేయడం కూడా ప్రమాదమే. ఏది ఆపాలో, బదులుగా ఏది మొదలుపెట్టాలో వైద్యులే నిర్ణయించాలి. 'మందులు వాడితే బిడ్డ బలహీనంగా పుడుతుంది' అన్న భయం చాలామందిలో ఉంది. అమెరికాలో 2,400 మందికి పైగా గర్భవతులపై జరిపిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. రక్తపోటును 140/90 లోపు ఉంచేలా మందులు వాడినవారిలో తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, నెలలు నిండకుండా చేయవలసి వచ్చే కాన్పులు వంటి ఉపద్రవాలు తగ్గాయనీ, బిడ్డల ఎదుగుదల కుంటుపడలేదనీ అందులో తేలింది.

రెండవది ఆధార పరీక్షలు. మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, కాలేయ ఎంజైములు, చక్కెర వంటివి మొదట్లోనే చూసి నమోదు చేయించుకోవాలి. ఏళ్లనాటి రక్తపోటు ఉన్నవారికి గుండె పరీక్షలు కూడా అవసరం కావచ్చు.

మూడవది ఆస్పిరిన్. రక్తం గడ్డకట్టే తీరును ప్రభావితం చేసే ఈ మందును తక్కువ మోతాదులో వాడితే ప్రీఎక్లాంప్సియా ముప్పు తగ్గుతుంది. 12 వారాల తర్వాత, వీలైనంతవరకు 16 వారాల లోపే దీనిని మొదలుపెట్టాలి. మోతాదు సాధారణంగా 75 నుంచి 150 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇది అందరికీ సరిపడదు కనుక వైద్యుల సలహాతోనే వాడాలి. 8వ నెలలో గుర్తుకొచ్చి మొదలుపెడితే ప్రయోజనం ఉండదు.

నాలుగవది కాల్షియం. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉండే స్త్రీలకు కాల్షియం మాత్రలు ఈ వ్యాధి ముప్పును తగ్గిస్తాయి. ప్రభుత్వ కార్యక్రమంలో భాగంగా 14 వారాల నుంచి రోజుకు రెండు మాత్రలు ఇస్తారు. వాటిని ఇనుము మాత్రలతో కలిపి వేసుకోకూడదు. రెంటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి.

నివేదికలో చుక్క గుర్తు లేకపోయినా...

ఈ వ్యాధిని గుర్తించడంలో ఉన్న సూక్ష్మం తెలియడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 33 ఏళ్ల సోదరికి మూడేళ్లుగా రక్తపోటు ఉంది. ఇది రెండో గర్భం. 9వ వారంలో మందు మార్చిన తర్వాత రక్తపోటు 136/86. మూత్రంలో ప్రోటీన్ లేదు. క్రియాటినిన్ 0.6, ప్లేట్‌లెట్లు 2,60,000. 20వ వారంలో రక్తపోటు 122/78. 28వ వారంలో 134/86. ఇంతవరకు అంతా సహజమే. 32వ వారంలో 154/98 వచ్చింది. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు.

'ఆమెకు బీపీ ఉన్నదే, మోతాదు పెంచితే సరిపోతుంది' అని ఇక్కడే ఆగిపోవచ్చు. కానీ పరీక్షలు చేయిస్తే క్రియాటినిన్ 0.9, ప్లేట్‌లెట్లు 1,60,000 వచ్చాయి. ఈ రెండు అంకెలూ లేబరేటరీ కాగితం మీద ముద్రించిన సాధారణ పరిమితుల్లోనే ఉన్నాయి. వాటి పక్కన ఏ హెచ్చరిక గుర్తూ ఉండదు. కాగితాన్ని విడిగా చూస్తే అంతా సవ్యంగానే తోస్తుంది. 9వ వారం నాటి కాగితం పక్కన పెట్టి చూస్తే మాత్రం కథ మారిపోతుంది. గర్భంలో సహజంగా తగ్గవలసిన క్రియాటినిన్ ఒకటిన్నర రెట్లు అయింది. ప్లేట్‌లెట్లు లక్ష తగ్గాయి. మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.5 వచ్చింది. అది 0.3 లేదా అంతకు మించితే అసాధారణం. మొదట్లో లేని ప్రోటీన్ ఇప్పుడు వచ్చింది, అదుపులో ఉన్న రక్తపోటు అకస్మాత్తుగా పెరిగింది. ఇది పాత రక్తపోటు మాత్రమే కాదు, దానిపై ప్రీఎక్లాంప్సియా వచ్చి చేరింది.

కనుక మొదటి నివేదికలు పారవేయకూడదు. మన ఇళ్లలో కాన్పుకు పుట్టింటికి పంపే ఆనవాయితీ ఉంది. 7వ నెలలోనో 9వ నెలలోనో అత్తవారి ఊరినుంచి తల్లిగారి ఊరికి వెళ్లినప్పుడు వైద్యులు మారతారు, ఆసుపత్రి మారుతుంది. పాత కాగితాలు ఏ అల్మారాలోనో ఉండిపోతాయి. సామాను సర్దేటప్పుడు చీరలకన్నా, పుట్టబోయే బిడ్డ బట్టలకన్నా ముందు ఆ కాగితాల సంచి, మాతాశిశు సంరక్షణ కార్డు సర్దుకోవాలి.

మూత్రంలో ప్రోటీన్ కనిపించకపోయినా వ్యాధి లేదని చెప్పలేం. ప్లేట్‌లెట్లు లక్షకన్నా తగ్గడం, క్రియాటినిన్ 1.1 దాటడం లేదా మొదటికన్నా రెట్టింపు కావడం, కాలేయ ఎంజైములు సాధారణ పరిమితికి రెండింతలు పెరగడం, ఊపిరితిత్తులలో నీరు చేరడం, మందులకు తగ్గని తలనొప్పి, చూపులో మార్పులు వీటిలో ఏది ఉన్నా వ్యాధి తీవ్రరూపం దాల్చినట్లే. మాయనుంచి రక్తంలోకి వచ్చే కొన్ని ప్రత్యేక పదార్థాలను కొలిచే పరీక్షలు కూడా ఇటీవల అందుబాటులోకి వచ్చాయి. వైద్యులకు సందేహం మిగిలినప్పుడు అవి తోడ్పడతాయి.

ఇంట్లో బీపీ చూసుకునే పద్ధతి

రక్తపోటు ఉన్న గర్భవతి ఇంట్లో బీపీ యంత్రం ఉండటం మంచిది. అయితే అన్ని యంత్రాలూ గర్భవతుల విషయంలో నమ్మదగినవి కావు. కొన్ని ప్రీఎక్లాంప్సియాలో అసలుకన్నా తక్కువ చూపిస్తాయి. గర్భవతులలో పరీక్షించి నిర్ధారించిన, చేతి మణికట్టుకు కాక దండకు కట్టే యంత్రాన్నే ఎంచుకోవాలి. దానిని ఒకసారి ఆసుపత్రికి తీసుకువెళ్లి, అక్కడి యంత్రంతో పోల్చి చూసుకోవాలి.

చూసుకునే ముందు అరగంటసేపు టీ, కాఫీలు తాగకూడదు. మూత్రవిసర్జన చేసి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసుకోకుండా 5 నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. పట్టీని బుర్ఖా చేతిమీదో బిగుతైన జాకెట్టు చేతిమీదో కాక నేరుగా చర్మం మీద చుట్టాలి. దండ లావుగా ఉన్నవారికి పెద్ద పట్టీ కావాలి, చిన్న పట్టీ లేని రక్తపోటును చూపిస్తుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుని చూసుకుంటే అంకె ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి, తేదీ, సమయంతో సహా పుస్తకంలో రాసుకోవాలి. మంచి అంకె వచ్చేదాకా మళ్లీ మళ్లీ చూసి, చివరిదే రాసుకోవడం మనల్ని మనం మోసగించుకోవడమే అవుతుంది.

140/90 లేదా అంతకు మించి వస్తుంటే, లేదా మునుపటికన్నా స్పష్టంగా పెరుగుతుంటే ఆ రోజే వైద్యులకు తెలియజేయాలి. పై అంకె 160 గానీ, కింది అంకె 110 గానీ దాటితే 15 నిమిషాల తర్వాత మరోసారి చూడాలి. అలాగే ఉంటే అది అత్యవసరం. తెల్లవారేదాకా ఆగకూడదు, అదనపు మాత్ర వేసి పడుకోబెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ప్రమాద లక్షణాలేవైనా తోడుగా ఉంటే ఆ 15 నిమిషాలు కూడా ఆగకుండా బయలుదేరాలి.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం వద్దు

20 వారాలు దాటిన తర్వాత, అలాగే కాన్పు అయిన 6 వారాల వరకు కూడా ఈ లక్షణాలను ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి.

• మాత్రకు తగ్గని తీవ్రమైన తలనొప్పి.
• చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, చుక్కలు కనిపించడం, ఒకటి రెండుగా తోచడం.
• పొట్ట పైభాగాన, ముఖ్యంగా కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. దీనిని గ్యాస్ నొప్పిగా భావించి యాంటాసిడ్‌తో సరిపెట్టుకోవడం తరచుగా జరిగే పొరపాటు.
• 6వ నెల తర్వాత కొత్తగా మొదలైన వికారం, వాంతులు.
• ముఖం, చేతులు హఠాత్తుగా ఉబ్బడం, ఉంగరం బిగుసుకుపోవడం, కొద్ది రోజుల్లోనే బరువు బాగా పెరగడం.
• ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం.
• మూత్రం బాగా తగ్గిపోవడం.
• బిడ్డ కదలికలు తగ్గడం.
• రక్తస్రావం, పొట్ట రాయిలా బిగుసుకుపోయి నొప్పి రావడం.
• అయోమయం, మాట తడబడటం, మూర్ఛ.

సాయంత్రానికి పాదాలు కాస్త వాయడం చాలామంది గర్భవతులలో సహజమే. ఉదయం లేచేసరికి కూడా ముఖం ఉబ్బి ఉంటే మాత్రం పరీక్ష అవసరం. వాపు అసలే లేకపోయినా ఈ వ్యాధి ఉండవచ్చు.

గుర్రపువాతం 'అసర్' కాదు

ప్రీఎక్లాంప్సియా ముదిరి మూర్ఛలు వస్తే దానిని ఎక్లాంప్సియా అంటారు. మన పల్లెల్లో గుర్రపువాతం అని పిలిచేది దీనినే. కళ్లు పైకి తేలేసి, దవడలు బిగుసుకుని, ఒళ్లంతా కొట్టుకుంటున్న స్త్రీని చూసి 'గాలి సోకింది', 'అసర్ అయింది' అని తావీజు కోసమో, ఊదించడం కోసమో పరుగులు తీసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గంటలోనే తల్లి మెదడులో రక్తస్రావం జరగవచ్చు, కడుపులో బిడ్డ ప్రాణం పోవచ్చు. దుఆ చేయడానికి ప్రయాణం అడ్డు కాదు. ఆమెను వాహనంలో ఎక్కించి, దారిపొడవునా దుఆ చేసుకోవచ్చు.

మూర్ఛ వచ్చినప్పుడు ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తొలగించాలి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ పెట్టకూడదు. తాళాలు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వంటివి వృథా. వెంటనే 108కి ఫోన్ చేసి, గర్భవతికి మూర్ఛ వచ్చిందని స్పష్టంగా చెప్పాలి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

తీవ్రమైన రక్తపోటును సూది మందులతోనో మాత్రలతోనో గంటలోపే తగ్గించే ప్రయత్నం చేస్తారు. మూర్ఛలు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ఇది ఖరీదైన మందు కాదు. 33 దేశాలలో సుమారు 10,000 మంది స్త్రీలపై జరిపిన మాగ్‌పై అధ్యయనం 2002లో వెలువడింది. ఈ మందు మూర్ఛల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని అది నిరూపించింది.

అయితే మాయ బయటికి వచ్చేదాకా వ్యాధి పూర్తిగా తగ్గుముఖం పట్టదు. కనుక కాన్పు ఎప్పుడు చేయాలన్నదే అసలు ప్రశ్న. వ్యాధి తీవ్రంగా లేకపోతే తల్లినీ బిడ్డనూ నిశితంగా గమనిస్తూ 37 వారాల వరకు ఆగుతారు. తీవ్రంగా ఉంటే 34 వారాలు నిండాక ఆగరు. తల్లి ప్రాణం ప్రమాదంలో పడితే అంతకన్నా ముందే కాన్పు చేయవలసి వస్తుంది. అటువంటప్పుడు వీలైతే బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి తల్లికి స్టెరాయిడ్ సూదులు ఇస్తారు. 'ఇంకా నెలలు నిండలేదు, ఇంటికి తీసుకువెళతాం' అని పెద్దలు పట్టుబట్టడం వల్ల బిడ్డకు మేలు జరగదు. రక్తం అందని గర్భంలోకన్నా నవజాత శిశువుల విభాగంలోనే ఆ బిడ్డ క్షేమంగా ఉండే సమయం అది. కనుక రక్తపోటు ఉన్న గర్భవతికి ఆ విభాగం, రక్తనిధి ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరిగేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఉప్పు, విశ్రాంతి, ఇంటి మందులు

రక్తపోటు ఉన్నవారు ఊరగాయలు, అప్పడాలు, పొట్లాల్లో దొరికే చిరుతిళ్లు తగ్గించడం మంచిదే. కానీ ఉప్పు మానివేస్తే ప్రీఎక్లాంప్సియా రాదన్న మాట నిజం కాదు. రోజంతా మంచానికే పరిమితమైనా ఈ వ్యాధి ఆగదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. జలుబు, దగ్గులకు మన ఇళ్లలో వాడే జోషాందాలో తరచుగా ఉండే ములేఠీ, అంటే అతిమధురం, రక్తపోటును పెంచగలదు. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కూడా ప్రమాదకరమే. 'సహజమైనవే కదా' అని ఏదీ సొంతంగా వాడకూడదు.

రమజాన్ మాసంలో

రమజాన్‌లో గర్భవతులైన సోదరీమణులకు ఉపవాసం విషయంలో సందిగ్ధం కలుగుతుంది. తనకు గానీ, కడుపులోని బిడ్డకు గానీ హాని కలుగుతుందన్న భయం ఉంటే ఉపవాసాలు వాయిదా వేసుకుని, తర్వాత పూర్తిచేసుకునే వెసులుబాటును ధర్మం ప్రసాదించింది. రక్తపోటుకు వాడే మందులు కొన్ని రోజుకు రెండు మూడుసార్లు వేసుకోవలసినవి. సహరీకీ ఇఫ్తార్‌కీ మధ్య దీర్ఘ విరామం వస్తే రక్తపోటు అదుపు తప్పుతుంది, వేసవిలోనైతే ఒంట్లో నీరు తగ్గుతుంది. కనుక రక్తపోటు ఉన్న గర్భవతి రమజాన్‌కు ముందే వైద్యులను కలిసి, వారు హాని ఉందంటే ఆ వెసులుబాటును నిస్సంకోచంగా స్వీకరించాలి. 'అందరూ ఉంటున్నారు, నువ్వెందుకు ఉండవు?' అని ఆమెను నొప్పించకుండా చూడటం ఇంటి పెద్దల బాధ్యత. తర్వాత పూర్తిచేసుకునే నియమాలను ఆలిములను అడిగి తెలుసుకోవచ్చు.

కాన్పుతో కథ ముగియదు

బిడ్డ పుట్టాక ఇల్లంతా సంబరంలో మునిగిపోతుంది. అజాన్, అఖీఖా, బంధువుల రాకపోకల నడుమ తల్లి రక్తపోటును చూసేవారుండరు. నిజానికి కాన్పు అయిన 3వ రోజు నుంచి 6వ రోజు వరకు రక్తపోటు ఎక్కువగా పెరిగే కాలం. ఇంటికి వచ్చాక కూడా మూర్ఛలు రావచ్చు. గర్భంలో ఏ లక్షణమూ లేని స్త్రీకి సైతం కాన్పు తర్వాత తొలిసారిగా ప్రీఎక్లాంప్సియా బయటపడవచ్చు.

40 రోజుల చిల్లా పూర్తయ్యేదాకా బాలింత గడప దాటకూడదన్న ఆచారం ఆమె విశ్రాంతికి మేలు చేసేదే. కానీ అది వైద్య పరీక్షకు అడ్డు కాకూడదు. కాన్పు తర్వాత తొలి 3 రోజుల్లో ఒకసారి, 7 నుంచి 10 రోజుల్లో మరోసారి రక్తపోటు పరీక్ష జరగాలి. బిడ్డకు పాలిస్తూనే వాడదగిన మందులు ఉన్నాయి. కనుక పాల కోసమని మాత్రలు ఆపనక్కరలేదు. బాలింతకు తలనొప్పి వస్తే 'నిద్ర చాలలేదు', 'చలిగాలి తగిలింది' అనుకునే ముందు ఒకసారి బీపీ చూడాలి.

ఈ వ్యాధి వచ్చిన స్త్రీకి తర్వాతి గర్భంలో మళ్లీ వచ్చే అవకాశం ఉంది. ముందు ముందు గుండెజబ్బు, పక్షవాతం, మూత్రపిండాల జబ్బుల ముప్పు కూడా ఇతరులకన్నా ఎక్కువ. కనుక కాన్పుల మధ్య తగిన ఎడం పాటించడం, ఏటా పరీక్షలు చేయించుకోవడం అవసరం.

ఇంటివారి కర్తవ్యం

తలనొప్పిగా ఉందని కోడలు చెప్పినప్పుడు వినే అత్తగారు, రాత్రి రెండు గంటలకైనా బండి తీసే భర్త, కాగితాలు భద్రపరిచే ఆడపడుచు, వీరందరి చేతిలోనూ ఆ తల్లి ప్రాణం ఉంది. మహిళా వైద్యురాలు ఉన్న ఆసుపత్రి ఏదో, రాత్రివేళ ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుసుకుని పెట్టుకోవాలి. ప్రాణాపాయ స్థితిలో మాత్రం డ్యూటీలో ఉన్నది పురుషుడా, స్త్రీయా అని చూస్తూ ఆగకూడదు. ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. ఊళ్లోని ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు చెబుతారు.

ఇకపై మన ఇంట్లో ఎవరైనా 'ఆమెకు బీపీ ముందునుంచీ ఉన్నదే కదా' అంటే, 'అందుకే ఇంకా జాగ్రత్తగా చూడాలి' అని జవాబిద్దాం. పుస్తకంలో నిన్నటి అంకె ఎంతో, నేటి అంకె ఎంతో, తొలి నెలలో ఎంత ఉండేదో మూడూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళదాం.